గూడబాతులు, దింపు డబ్బులు, ఐదో తేదీ వాయిదా

ఇంటి పద్దు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అమ్మా, నమస్కారం. నాకు 38 ఏళ్ళు. ముమ్మిడివరం దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. నెలకు 34 వేలు చేతికి వస్తుంది. మే నెలలో మాత్రం సగం జీతమే ఇస్తారు. నా భార్య ఇంట్లో బట్టలు కుట్టి నెలకు ఆరు వేల దాకా సంపాదిస్తుంది. అమ్మాయికి ఎనిమిదేళ్ళు, అబ్బాయికి నాలుగు. మా అమ్మ మా దగ్గరే ఉంటుంది. ఆమెకు బీపీ, షుగరు ఉన్నాయి. సొంత ఇల్లు, నాన్న ఇచ్చిన ఎకరం కొబ్బరితోట ఉన్నాయి. నిరుడు ఆరుసార్లు కాయ దింపించాం, ఆ ఆరు దింపులకు కూలీలు పోను 42 వేలు మిగిలింది.

పక్షుల ఫొటోలు తీయడమంటే నాకు ప్రాణం. సెలవు దొరికితే ఎదుర్లంక వంతెన మీదుగా యానాం దాటి కోరంగి వెళ్తాను. ఏడాదికి రెండుసార్లు కొల్లేటికి, ఆటపాక వెళ్ళి గూడబాతులను (పెలికాన్లను) తీస్తాను. ఈ ఏప్రిల్‌లో 65 వేల కెమెరాను క్రెడిట్ కార్డు మీద 12 వాయిదాలకు కొన్నాను. ఇంట్లో 40 వేలని చెప్పాను. నెలకు 5,800 కడుతున్నాను, మార్చితో అయిపోతుంది. ఇప్పుడు ఒకాయన దూరపు పక్షులను దగ్గరగా చూపే 150–600 మి.మీ. లెన్సు, వాడినదే, 70 వేలకు ఇస్తానంటున్నారు. నా భార్య పేరున 60 వేల చీటీ ఉంది, 20 నెలల్లో ఇది ఏడో నెల. అది పాడుకుని, మిగిలింది అప్పు చేద్దామని అనుకున్నాను. ఈలోగా కార్డు బిల్లు ఆమె కంటపడింది. "మీకు పిల్లలకన్నా కొంగలే ఎక్కువ" అంది. వారం రోజులుగా మాటల్లేవు. నెల ఖర్చుల పట్టిక జతచేశాను. లెన్సు కొనమంటారా? పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసి ఖర్చు రాబట్టుకోమంటున్నారు మిత్రులు. అదైనా మంచిదేనా?
– ఒక అధ్యాపకుడు, ముమ్మిడివరం మండలం

జవాబు: బాబూ, మీ పట్టికను రెండుసార్లు కూడాను. వెచ్చాలు 11,000, పాలు 2,400, పిల్లల ఫీజులు 5,500, అమ్మగారి మందులు 2,200, కరెంటు, గ్యాసు 2,600, పెట్రోలు 2,500, చీటీ 3,000, కెమెరా వాయిదా 5,800. మొత్తం 35 వేలు. మీ ఇద్దరి సంపాదన 40 వేలు. మిగిలిన ఐదు వేలలోనే పండుగ, పేరంటం, చుట్టం, జ్వరం అన్నీ వెళ్ళిపోవాలి. ఇంత పొదుపుగా ఇల్లు నడుస్తున్నదంటే అందులో మీ భార్య చేయి ఎంత ఉందో మీకు నేను చెప్పనక్కరలేదు.

లెన్సు ఇప్పుడు కొనకండి. సరదా మానుకోమని మాత్రం నేను చెప్పను. ఎందుకు చెప్పనో తెలియాలంటే మా నాన్న సంగతి వినాలి.

మాది కూడా మీ వైపే, గోదావరి పాయ ఒడ్డున ఊరు. మా నాన్న రైతు. రాత్రి అయితే హరిశ్చంద్రుడు. కోనసీమలో ఏ తీర్థం జరిగినా, ఏ ఊళ్ళో పందిరి వేసినా వెళ్ళి తెల్లవార్లూ పద్యం పాడి వచ్చేవాడు. సొంతంగా కిరీటం, పట్టుబట్టలు చేయించుకున్నాడు. 1995లో కాళ్ళ హార్మణీ ఒకటి కొన్నాడు. వాటన్నిటికీ 18 వేలు అప్పు, నూటికి రెండు రూపాయల వడ్డీ. అంటే నెలకు 360. దింపు దింపుకూ కొంత తీర్చేస్తానని లెక్క వేసుకున్నాడు. తోటలో 58 చెట్లు ఉండేవి, ఆ లెక్కలో తప్పేమీ లేదు. 1996 నవంబరు 6న తుపాను వచ్చింది. తెల్లవారి చూస్తే 17 చెట్లు నిలబడి ఉన్నాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది, వడ్డీ ఆరేడేళ్ళు ఆగదు. అప్పటికి నేను పోస్టాఫీసులో చేరి ఎనిమిదేళ్ళు. ఆ బాకీ నా జీతంలోంచి నాలుగేళ్ళు తీర్చాను.

అంతకుముందే ఇంకొకటి జరిగింది. పాలకొల్లులో పెళ్ళికి బయలుదేరుతూ అమ్మ పెట్టె తెరిస్తే గాజులు లేవు. కిరీటం కోసం తాకట్టుకు వెళ్ళాయి. అమ్మకు నాటకమంటే కోపం ఉండేది కాదు. నాన్న పద్యాలన్నీ ఆమెకు కంఠస్థం, పప్పు రుబ్బుతూ పాడుకునేది. ఆ పెళ్ళికి ఆమె మట్టిగాజులతో వచ్చింది, దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. తుపాను తరువాత నేను హార్మణీ అమ్మేద్దామంటే అడ్డుపడింది కూడా ఆమే. "గాజులు ఎలాగూ పోయాయి, అది కూడా పోతే ఇంకేం మిగులుతుంది" అంది. హార్మణీ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

కాబట్టి మీ భార్య కొంగల గురించి అన్న మాటను పక్షుల మీద కోపమని అనుకోకండి. 25 వేలు దాచారు, ఆమెను నొప్పించింది అదే. కార్డు బిల్లులన్నీ తీసి ఆమె ముందు పెట్టండి. 65 అని మీ నోటితోనే చెప్పండి. అసలు లెక్క ఇంకా ఎక్కువ, అదీ చెప్పండి: 5,800 చొప్పున 12 నెలలకు 69,600. వడ్డీ 4,600, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మరో 828. చీటీ విషయం కూడా అంతే. అది ఆమె పేరున, ఆమె ఏదో అనుకుని కడుతున్నది. ఏడో నెలలో పాడితే తోసివేత, అంటే పాటలో వదులుకునే డబ్బు, ఎక్కువ పోతుంది. పైగా చట్టం ప్రకారం నడిపే చీటీల్లోనే నిర్వాహకుడు 7 శాతం దాకా కమిషన్ తీసుకోవచ్చు, 2019లో చట్టం సవరించి 5 నుంచి 7 చేశారు. 60 వేల చీటీకి అదొక్కటే 4,200 కావచ్చు. ఆ చీటీని మరచిపోండి.

ఇప్పుడు అసలు చిక్కు. మన డెల్టాలో డబ్బు నెలనెలా రాదు. సార్వా పంటకు ఒకసారి, దాళ్వా పంటకు ఒకసారి, తోట ఉన్నవారికి దింపు దింపుకూ, చెరువు ఉన్నవారికి రొయ్య పట్టుబడికీ వస్తుంది. వాయిదా మాత్రం ప్రతి నెలా ఐదో తేదీకి వచ్చి కూర్చుంటుంది. మీకు జీతం ఉంది కదా అనుకుంటారు, కానీ ఆ జీతం ఇంటికి సరిగ్గా సరిపోతున్నది, మేలో సగానికి పడిపోతున్నది. ముప్పై నాలుగేళ్ళు కౌంటరులో కూర్చుని చూశాను. డబ్బు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు కట్టాలో ఆ రెండు తేదీలూ కలవక ఖాతాలు మూసుకున్నవారే ఎక్కువ, సంపాదన లేక మూసుకున్నవారు తక్కువ. అభిరుచి ఖర్చు జీతంలో నుంచి వెళ్ళకూడదు. మీకు అది వెళ్ళవలసిన చోటు దింపు డబ్బు. 42 వేలు వస్తున్నదని రాశారు గాని, ఎటు పోతున్నదో ఒక్క ముక్క రాయలేదు. నేను ఆగిపోయింది అక్కడే. చేతికి వచ్చినప్పుడల్లా కరిగిపోతూ ఉండి ఉంటుంది.

దానికి నా లెక్క ఇది. తోటకు ఎరువు, కొమ్ము పురుగు, తెల్లదోమ మందులకు 12 వేలు ముందే తీసేయండి. తోటను పస్తు పెట్టి పక్షులను తీయలేరు. మిగిలింది 30. మే నెలలో తగ్గే 17 వేలు అందులోంచే పూడ్చాలి. ఇక మిగిలిన 13 వేలు మీవి. ఏడాదికి 13 వేలు, ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కరలేని డబ్బు. పోస్టాఫీసులో 500 రూపాయలతో పొదుపు ఖాతా తెరిచి, దింపు డబ్బు పడగానే ఆ వంతు అందులో వేయండి. కాయ ధర పడిపోయి దింపుకు ఐదు వేలే వస్తే మీ వంతూ అంతే తగ్గుతుంది.

13 వేలకు ఏమి వస్తుందని నిరుత్సాహపడకండి. మా అన్నయ్య కొడుకు రాజమండ్రిలో కెమెరా పని చేస్తాడు, అతణ్ణి కూర్చోబెట్టి అడిగాను. అలాంటి లెన్సు రోజుకు 1,200 అద్దెకు ఇస్తారట. ఈ చలికాలంలో అయిదు రోజులు తీసుకుంటే ఆరు వేలు, పడవకూ పెట్రోలుకూ రోజుకు ఆరు వందల చొప్పున మూడు వేలు. ఇంకా నాలుగు వేలు మిగులుతాయి. అద్దె లెన్సు ఉన్న రోజులు కోరంగికే ఉంచుకోండి. బురదనేలల మీద దూరంగా వాలే ఉల్లంకి పిట్టలకు అంత పొడవు కావాలి. గూడబాతుకు అక్కరలేదట. అది పెద్ద పక్షి, ఆటపాకలో పడవ మీద దగ్గరికి వెళ్ళవచ్చు, 300 చాలు. పైగా మీ కెమెరాలో సెన్సారు చిన్నది కాబట్టి 300 లెన్సు 450 లాగా పనిచేస్తుందని అతను చెప్పాడు. ఈ ఏడు పోతే మళ్ళీ రాదన్న తొందర వద్దు. కోరంగి 1978 నుంచి అభయారణ్యం, కొల్లేరు 1999 నుంచి. వచ్చే నవంబరుకూ పక్షులు అక్కడికే వస్తాయి.

ఇంకో మాట, చనువుగా అంటున్నాను. మీ తోటలో గిజిగాడు గూడు కట్టలేదా? కాలువలు కట్టేసిన తరువాత, ఏప్రిల్, మేలలో అడుగున మిగిలిన నీటి గుంటల దగ్గర లకుముకి పిట్టలూ కొంగలూ ఎలా గుమిగూడతాయో చూశారా? మేలో మీకు సగం జీతం, పూర్తి సెలవు. ఉదయం ఆరింటికి అమ్మాయిని వెంటబెట్టుకుని కాలువ గట్టుకు వెళ్ళండి. దానికి పెట్రోలు కూడా అక్కరలేదు.

మార్చితో వాయిదా అయిపోగానే 5,800 ఖాళీ అవుతుంది. ఆ నెలే దాని దారి తేల్చేయండి, లేకపోతే జూలైకల్లా కనిపించదు. మూడు వేలు మీ భార్య పేరున ఆపద డబ్బుగా వేయండి. కనీసం ఒక నెల జీతమంత జమ అయ్యేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. 1,500 అమ్మాయి పేరున ఆడపిల్లల పొదుపు పథకం సుకన్య సమృద్ధికి. ఆ ఖాతాను పదేళ్ళు నిండకముందే తెరవాలి, మీకు రెండేళ్ళు కూడా లేదు. అంత కట్టలేని ఏడు 250 రూపాయలు వేసినా ఖాతా బతికి ఉంటుంది. మిగిలిన 1,300 లెన్సుకు. ఏప్రిల్ నుంచి నవంబరు దాకా 10,400, అద్దెలు పోను మిగిలిన నాలుగు వేలు కలిపితే 14,400. వాడిన 70–300 లెన్సు ఆ ధరకు దొరుకుతుందట. ఇదంతా ఒక కాగితం మీద రాసి మీ భార్యకు ఇవ్వండి. ఏ అంకె మార్చాలో ఆమెను మార్చనివ్వండి. నా అంకెలు మీ ఉత్తరం చదివి వేసినవి, ఆమెకు ఇల్లు తెలుసు.

ఏడాదికి 436 రూపాయలు జీవనజ్యోతి బీమాకు, 20 రూపాయలు సురక్షా ప్రమాద బీమాకు కట్టారా? మీ పట్టికలో కనిపించలేదు. ఒక్కొక్కదానికీ రెండు లక్షల బీమా. అయిదుగురు ఉన్న ఇంట్లో ప్రధానంగా సంపాదించేవారు మీరు, పడవల మీద తిరుగుతున్నారు. ఈ వారమే కట్టండి.

పెళ్ళి ఫొటోల ఆలోచన నాకు నచ్చలేదు. దానికి వేరే లెన్సులు, ఫ్లాషులు, రెండో కెమెరా, ఆల్బమ్ ఖర్చు కావాలి. 600 లెన్సు పందిట్లో దేనికి? ముహూర్తాల రోజుల్లో కాలేజీకి సెలవు పెట్టాలి. ప్రాణమని మీరు రాసినది ఇంకో ఉద్యోగమై కూర్చుంటుంది.

చివరగా, ఆ కెమెరా ఎక్కడ పెడుతున్నారు? మన తీరపు గాలి చెమ్మకు అద్దాల మీద బూజు పడుతుంది. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచేవారివే ముందు పాడవుతాయట. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో చెమ్మ పీల్చే సిలికా జెల్ గింజలు వేసి అందులో ఉంచండి. చిన్న తేమ మీటరు పెట్టి 40–50 శాతం మధ్య ఉండేలా చూడండి. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే సన్నని సెగ మీద ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. వాడిన లెన్సు కొనేటప్పుడు కూడా ఒకవైపు నుంచి టార్చి వేసి, రెండోవైపు నుంచి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఎంత చౌకైనా వదిలేయండి.

ప్రశ్న: నాకు 52 ఏళ్ళు. లేసు అల్లుతూ ఏడేళ్ళలో 31 వేలు దాచుకున్నాను. చిన్నప్పుడు ఆపేసిన వీణ మళ్ళీ నేర్చుకోవాలని ఉంది. ఈ వయసులో వీణ ఎందుకు, బంగారం కొనుక్కోమని అబ్బాయిలు అంటున్నారు.
– ఒక గృహిణి, నరసాపురం

జవాబు: చెల్లెమ్మా, కొనుక్కోండి. ఆ డబ్బు మీ వేళ్ళ మీద అల్లిన డబ్బు, అప్పు లేదు, వాయిదా లేదు. అబ్బాయిలకు కోపం వస్తే నా మాట చూపించండి.

తొందర మాత్రం వద్దు. మూడు నెలలు మీ గురువుగారి ఇంటి వీణ మీదే సాధన చేయండి, నేల మీద అంతసేపు కూర్చోవడం మీ మోకాళ్ళకు పడుతుందో లేదో తెలుస్తుంది. 31 వేలూ వీణకే పెట్టకుండా అయిదు వేలు వెనక ఉంచుకోండి. వీణ మీద తీగల కింద ఉండే 24 మెట్లనూ మైనం మీదే నిలబెడతారు. మన ఎండలకు అది మెత్తబడి మెట్లు కదిలితే మళ్ళీ మేళం కట్టించాలి, అంటే మెట్లను స్వరానికి సరిగ్గా అమర్చించాలి, అది తెలిసిన మనిషిని పిలిపించుకోవాలి. పాత వీణ అయితే పనస మానులో పగుళ్ళు ఉన్నాయేమో గురువుగారినే వెంట తీసుకువెళ్ళి చూపించండి. తీగలు ఏడూ కొత్తవి వేయించిన తరువాతే ఇంటికి తెచ్చుకోండి.