వ్యక్తి అంటే మనిషేనా?

సందేహం: డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు ప్రోగ్రామింగ్ తెలుగులో చెబుతున్నాను. ‘క్లాస్’కి తరగతి అనీ ‘ఇన్‌స్టెన్స్’కి ఉదాహరణ అనీ రాస్తే నవ్వుతున్నారు. సరైన మాటలేవి? (ఒక అధ్యాపకురాలు, గాజువాక)

సమాధానం: నవ్వరూ మరి! ఉదాహరణ నోటితో చెప్పేదమ్మా. మీ క్లాస్ ఒక రకం వస్తువులకు ఏమేం ఉంటాయో, అవి ఏం చేస్తాయో చెప్పే వర్ణన. ఇన్‌స్టెన్స్ ఆ రకంలో మెమరీలో చోటు పట్టి కూర్చునే ఒక్కో వస్తువు. నిఘంటువులో మొదట కనబడ్డ అర్థాన్ని తెచ్చి అతికించే జబ్బు ఈమధ్య బాగా ముదిరింది.

ఇన్‌స్టెన్స్‌కి మాట ఎప్పటినుంచో ఉంది: వ్యక్తి. ‘గుర్తు తెలియని వ్యక్తి మృతి’ అని రోజూ చదివి, వ్యక్తంటే మనిషేననుకుంటున్నాం. ధాతువు ‘అంజ్’: పూయడం, తేటపరచడం. కంటికి అంజనం, పండగనాడు నువ్వులనూనెతో అభ్యంజనం, విస్తట్లో వ్యంజనం, ఆలంకారికులు ధ్వనించే అర్థానికి చెప్పే వ్యంజన, అందరూ ఆ ఇంటి పిల్లలే. ‘హల్లు’కి కూడా వ్యంజనమనే పేరు. ముందు ‘వి’ చేరితే వ్యక్తం, వ్యక్తి. మరుగున ఉన్నది పైకి తేలిన రూపమన్నమాట. ఆవైనా వ్యక్తే, కుండైనా వ్యక్తే. పదానికి అర్థం వ్యక్తీ (విడి వస్తువు) ఆకృతీ (రూపం) జాతీ (అన్నిటికీ ఉమ్మడిగా ఉండేది) మూడూనన్నాడు న్యాయసూత్రాల గౌతముడు. పాత వైయాకరణుల్లో వ్యాడి పదానికి అర్థం ద్రవ్యం, అంటే విడి వస్తువు అంటే, వాజప్యాయనుడు ఆకృతి, అంటే అన్నిటికీ ఉమ్మడి రూపం అన్నాడు. నార్వేలో డాల్, నీగార్డ్ తమ సిమ్యులా 67 అనే ప్రోగ్రామింగ్ భాషలో ‘క్లాస్’ పెట్టడానికి ఎన్ని వందల ఏళ్ల ముందో!

పిల్లల్ని ఓసారి ఫిషింగ్ హార్బరుకి తీసుకెళ్లండి. మరబోటు అన్నది జాతి, అంటే మీ క్లాసు: నంబరు, రంగు, డీజిలు, ‘వేటకెళ్లు’ అనే పని. కట్టేసి ఉన్న ఒక్కో బోటూ వ్యక్తి. ఒకదాంట్లో డీజిలైపోతే పక్కదానికేం కాదు. కొత్తవాళ్లు ఎర్రబోటుకో క్లాసు, నీలిబోటుకో క్లాసు రాసేస్తారు. రంగు ఒట్టి విలువ, దానికి వ్యక్తి చాలు. జాలరిపేట ఒడ్డున తెడ్డేసే తెప్ప సంగతి వేరు. దాన్ని ‘డీజిలు నింపు’ అంటే ఏం నింపుతుంది? అక్కడ పనే వేరు కాబట్టి క్లాసూ వేరు.

క్లాసుకి కొందరు ‘అచ్చు’ అంటున్నారు. అచ్చుగుద్దినట్టు అన్నీ ఒక్కలాగే ఉండాలనే భ్రమ పుడుతుంది, వద్దు.

ఇక క్లాసుని జాతి అనమని గట్టిగా చెప్పలేను. ఆ మాట చెవిన పడితే ఈ రోజుల్లో ఎవరికీ బోటు గుర్తురాదు. క్లాసులో, క్లాసుకి అంటూ విభక్తులు బుద్ధిగా పట్టుకుంటోంది కదా, ‘క్లాసు’నే ఉండనివ్వండి. వ్యక్తిని మాత్రం వదలకండి. ‘బోటు వ్యక్తేంటి మేడమ్’ అని మళ్లీ నవ్వితే కాటుకడబ్బా తీసి చూపించండి.