టెక్ సందేహాలు: బూట్ లోడర్‌కు కనిపించే వేరియబుల్స్ లైనక్స్‌లో ఎందుకు కనిపించవు?

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు రెండూ ఉన్నాయి. ఉబుంటులో ఉండగానే, వచ్చే రీస్టార్ట్ ఒక్కసారికి మాత్రం విండోస్‌లోకి వెళ్లేలా పెట్టడం ఎలా? ఈఎఫ్ఐవార్స్ ఫోల్డర్‌లో (మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్, అంటే ఓఎస్ కన్నా ముందు నడిచే ప్రోగ్రామ్, దాచుకునే విలువలను లైనక్స్ ఫైళ్లుగా చూపే చోటు) కొన్ని బయోస్ సెట్టింగులు అసలు కనిపించడం లేదు. వాటిని చేత్తో మార్చొచ్చా?

జవాబు: మొదటి పనికి ఆ ఫోల్డర్ జోలికే వెళ్లక్కర్లేదు. టెర్మినల్‌లో ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ అని కొట్టండి. విండోస్ బూట్ మేనేజర్ ఎంట్రీకి ఉన్న నాలుగక్షరాల నంబరు చూసుకోండి, 0003 అనుకుందాం. అదే కమాండ్‌కు ముందు సుడో, చివర హైఫన్ చిన్న ఎన్, 0003 చేర్చి ఇస్తే బూట్‌నెక్స్ట్ వేరియబుల్ (వచ్చేసారి దేన్ని బూట్ చేయాలో ఫర్మ్‌వేర్‌కు చెప్పే విలువ) రాసేస్తుంది. ఫర్మ్‌వేర్ ఆ ఎంట్రీని బూట్ చేసే ముందే బూట్‌నెక్స్ట్‌ను తుడిచేస్తుంది కాబట్టి, ఆ తర్వాత మళ్లీ పాత వరుసే. మనసు మారితే హైఫన్ పెద్ద ఎన్‌తో దాన్ని తీసేయొచ్చు. ‘వేరియబుల్స్ సపోర్ట్ లేదు’ అని వస్తే మీ ఉబుంటు లెగసీ మోడ్‌లో, అంటే పాత బయోస్ పద్ధతిలో బూటైనట్టు.

ఉబుంటు బూట్ లోడర్ అయిన గ్రబ్‌కు చెందిన గ్రబ్-రీబూట్ కమాండ్ కూడా ఇలాంటి పనే చేస్తుంది గానీ, అది రాసేది డిస్కులోని 1024 బైట్ల గ్రబ్ఎన్వ్ ఫైల్లో. ఫర్మ్‌వేర్‌కు దాని సంగతే తెలియదు.

ఇక కనిపించని వాటి సంగతి. ప్రతి వేరియబుల్‌కూ గుణాలు ఉంటాయి: కరెంటు పోయినా నిలవడానికి 1, బూట్ దశలో అందడానికి 2, ఓఎస్ వచ్చాక కూడా అందడానికి 4. మూడూ కలిస్తే 7. ఆ 4 లేని వేరియబుల్‌ను కెర్నెల్ (ఓఎస్ మూల భాగం) పగ్గాలు తీసుకున్నాక ఫర్మ్‌వేర్ చూపించదు. సుడో ఉన్నా లాభం లేదు. అంతకుముందే, అంటే యూఈఎఫ్ఐ షెల్ (ఓఎస్ లేకుండా ఫర్మ్‌వేర్ మీదే నడిచే కమాండ్ ప్రోగ్రామ్) నుంచో, ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఓఎస్ బూట్ లోడర్‌లోని ఈఎఫ్ఐ-షో, ఈఎఫ్ఐ-సెట్ కమాండ్లతోనో చూడాలి. షెల్ ఫైల్‌ను ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో ఈఎఫ్ఐ, దాని లోపల బూట్ ఫోల్డర్‌లో బూట్ఎక్స్64.ఈఎఫ్ఐ పేరుతో పెట్టండి. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని ప్రోగ్రాములను బూట్ కానివ్వని కాపలా) ఆపాల్సి రావొచ్చు. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ తాళం) ఉంటే రికవరీ కీ దగ్గర పెట్టుకున్నాకే ఆపండి, అడగొచ్చు. షెల్‌లో డీఎంపీస్టోర్ కమాండ్ వేరియబుల్స్‌ను చూపిస్తుంది, హైఫన్ ఎస్‌తో ఫైల్లోకి దాస్తుంది. ఏదీ ముట్టుకోకముందే అది చేయండి.

లైనక్స్‌లో ఈఎఫ్ఐవార్స్ ఫైల్లోకి నేరుగా రాస్తే మొదటి 4 బైట్లు గుణాలు, తర్వాత విలువ. పై ఉదాహరణకు 07 00 00 00 03 00. ఆరు బైట్లూ ఒకే రైట్‌లో వెళ్లాలి, విడగొడితే తిప్పికొడుతుంది. రూట్‌గా ఉన్నా ‘అనుమతి లేదు’ అంటే ఆ ఫైల్‌పై ఇమ్యూటబుల్ ఫ్లాగ్ (మార్చనివ్వని గుర్తు) ఉన్నట్టు. ఫోల్డర్ మొత్తం తుడిచేస్తే కొన్ని ల్యాప్‌టాప్‌లు బూట్ కాకుండా పోయాయని 2016లో తేలాకే కెర్నెల్ ఆ కాపలా పెట్టింది. చాటర్ మైనస్ ఐ కమాండ్‌తో దాన్ని తీయొచ్చు, కానీ తయారీదారు వేరియబుల్ అయితే వద్దనే నా మాట. బయోస్ సెట్టింగులు ఉండే ‘సెటప్’ వేరియబుల్‌లో ఏ బైటు దేనికో బయోస్ వెర్షన్ మారితే మారిపోతుంది. తేడా కొడితే సీమాస్ బ్యాటరీ పీకినా చాలా బోర్డుల్లో ఫలితం ఉండదు, ఎందుకంటే అవి ఉండేది ఎస్‌పీఐ ఫ్లాష్ చిప్‌లో. చివరికి క్లిప్పు, ప్రోగ్రామర్‌తో చిప్‌ను తిరిగి రాయాల్సిందే.

వేరియబుల్ రాసేటప్పుడు ‘స్థలం లేదు’ అని వస్తే ముందు డంప్-టైప్0తో మొదలయ్యే ఫైళ్లు చూడండి. కెర్నెల్ క్రాష్ లాగులు అవి, తీసేయొచ్చు. ఖాళీ అయిన చోటు కొన్ని ఫర్మ్‌వేర్‌లలో రీబూట్ చేశాకే చేతికి వస్తుంది.