ఇళ్ళకు వెళ్ళి వ్యాక్సింగ్ చేయడానికి బ్యాగులో ఏమేం సర్దుకోవాలి?

కూకట్‌పల్లిలో పార్లర్ ఉద్యోగం మానేసి స్కూటీ మీద ఇళ్ళకు వెళ్ళి వ్యాక్సింగ్ చేయాలనుకుంటున్నాను, బ్యాగులో ఏవి ఎంతెంత పెట్టుకోవాలి, ఒంటికి రంగు చల్లే స్ప్రే టాన్ మెషిన్ కూడా కొనాలా అని అడిగారు.

మెషిన్ సంగతి ముందు చెప్పేస్తాను. ఇప్పుడే కొనకండి. మన దగ్గర కస్టమర్లు ఎండకు పట్టిన నలుపు తీయమంటారు గానీ రంగు వేయమని అడగరు. బాడీబిల్డింగ్ పోటీలకు వెళ్ళేవాళ్ళు ఎప్పుడైనా అడగొచ్చు. అప్పుడు వ్యాక్సింగ్ ముందు చేసి, టాన్ కనీసం 24 గంటల తర్వాత వేయాలి. ఆ ద్రావణంలో ఉండే డీహెచ్‌ఏ అనే రసాయనం చర్మం పైపొరలోని మృతకణాలకే రంగు పట్టిస్తుంది. టాన్ వేశాక వ్యాక్స్ లాగితే ఆ పొరతో పాటు రంగూ లేచిపోయి మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది.

ఇక వ్యాక్సింగ్. బ్యాగు తెరిచే ముందే ఫోన్లో కొన్ని అడగాలి. ఏమేం చేయించుకుంటారు, ఆఖరిసారి ఎప్పుడు చేయించారు, మధ్యలో రేజర్ వాడారా? వెంట్రుక బియ్యపు గింజంత, అంటే 5, 6 మిల్లీమీటర్లు ఉండాలి. రేజర్ వాడి వారమే అయితే ఇంకో పది రోజులు ఆగమనండి. లేకపోతే సగం వెంట్రుకలు చర్మం దగ్గరే తెగి, మూడో రోజుకే గరుకుగా తగులుతాయి. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వేసుకుంటుంటే, లేదా మానేసి ఆరు నెలలు కాకపోతే, ఎక్కడా వ్యాక్స్ వద్దు. మొహానికి రెటినాల్, ట్రెటినోయిన్ క్రీములు రాసేవాళ్ళకు అప్పర్ లిప్ కూడా చేయకండి. వ్యాక్స్ మీద అతికించి లాగే స్ట్రిప్‌తో పాటు చర్మం లేచి వచ్చేది ఇలాంటివాళ్ళకే. షుగర్, రక్తం పలచబడే మందులు, కాళ్ళలో ఉబ్బిన నరాలు ఉన్నవాళ్ళను డాక్టర్‌ని అడిగి రమ్మనండి. అపార్ట్‌మెంట్ అయితే గేటు దగ్గర ముందే ఎంట్రీ పెట్టించమని చెప్పండి.

వ్యాక్స్ లెక్క ఇది. ఫుల్ హ్యాండ్స్, ఫుల్ లెగ్స్, అండర్ ఆర్మ్స్ కలిపి ఒకరికి 100 నుంచి 150 గ్రాములు పడుతుంది. హనీ వ్యాక్స్ మందంగా పడుతుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువే వేసుకోండి. రోజుకి ముగ్గురు కస్టమర్లుంటే ఒక నిండు టిన్ను, తోడుగా ఇంకో సగం టిన్ను చాలు. హనీ వ్యాక్స్ తడి టవల్‌తో పోతుంది. రికా బ్రాండ్ లాంటి నూనెలో కరిగే రకం నీళ్ళతో పోదు, దానికి ఆఫ్టర్ వ్యాక్స్ ఆయిల్ తప్పనిసరి. ఆయిల్ సీసా మరిచిపోయి వెళ్తే కస్టమర్ ఒళ్ళంతా జిగటే మిగులుతుంది. అండర్ ఆర్మ్స్‌కి, మొహానికి స్ట్రిప్ లేకుండా తీసే హార్డ్ వ్యాక్స్ గింజలు 100 గ్రాములు చిన్న డబ్బాలో పెట్టుకోండి. రోలర్‌తో వ్యాక్స్ పూసే రోల్ ఆన్ కార్ట్రిడ్జ్ ఒక్కొక్కరికి కొత్తది వాడగలిగితే స్కూటీ మీద తిరిగేవాళ్ళకు అంతకు మించిన సుఖం లేదు. కానీ ఆ రోలర్ చర్మానికి తగులుతుంది. ఒకరికి వాడింది ఇంకొకరికి వాడొద్దు.

స్ట్రిప్స్ ఫుల్ హ్యాండ్స్‌కి 8, లెగ్స్‌కి 14, అండర్ ఆర్మ్స్‌కి 4 అనుకోండి. నేను ఒకరికి 40 లెక్కన పెట్టుకుంటాను. పల్చటి రకం స్ట్రిప్ లాగేటప్పుడు సాగుతుంది. స్ట్రిప్ సాగితే వ్యాక్స్ చర్మం మీదే ఉండిపోతుంది. బేగం బజార్‌లో కట్టలు కొనేటప్పుడు ఒక ముక్క రెండు చేతులతో గట్టిగా లాగి చూసి తీసుకోండి. చెక్క స్పాచులాలు ఒకరికి 15 పట్టుకెళ్ళండి. ఒకసారి ఒంటికి తగిలిన పుల్ల మళ్ళీ టిన్నులో ముంచకూడదు. వేడికి క్రిములు చస్తాయని చాలామంది అనుకుంటారు. ఒళ్ళు కాలకుండా ఉండే వేడికి చావవు. చేతులకి, కాళ్ళకి వ్యాక్స్ పూసే స్టీల్ నైఫ్‌తో పని తొందరగా అవుతుంది, నిజమే. అలా చేయాలంటే ఆ కస్టమర్‌కి సరిపడా వ్యాక్స్ వేరే చిన్న గిన్నెలోకి వంచుకుని, మిగిలింది పారేయండి.

ఇవి కాక నైట్రైల్ గ్లవ్స్ మూడు జతలు, పౌడర్, ప్రీ వ్యాక్స్ జెల్, అలోవెరా జెల్, దూది, వెంట్రుకలు పీకే ప్లక్కర్, చిన్న కత్తెర, డిస్పోజబుల్ షీట్లు మూడు, నేల మీద పరవడానికి పెద్ద ప్లాస్టిక్ షీటు, 3 మీటర్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు, చెత్తకు రెండు కవర్లు ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు అనవసరం అనిపిస్తుంది గానీ, చాలా ఇళ్ళలో బెడ్‌రూమ్ సాకెట్ మంచం వెనకే ఉంటుంది. వ్యాక్స్ కరిగించే హీటర్‌ని పరుపు మీద పెట్టాల్సిన గతి అప్పుడే పడుతుంది. పరుపు మీద ఎప్పుడూ పెట్టొద్దు. ప్లక్కర్ శుభ్రం చేయడానికి 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 100 మిల్లీలీటర్ల సీసా తీసుకోండి. అది ఇట్టే అంటుకుంటుంది, హీటర్ వెలుగుతున్నప్పుడు దాని పక్కన మూత తీయకండి.

సర్దడంలో అసలు కష్టం టిన్నుతోనే. మన ఎండాకాలంలో స్కూటీ డిక్కీ పొయ్యిలా కాలుతుంది. చల్లారిన వ్యాక్స్ కూడా మెత్తబడి, మూత సందులోంచి సన్నగా కారి, స్ట్రిప్స్ కట్ట మొత్తాన్ని ముద్ద చేస్తుంది. టిన్ను మూతికి వంటింట్లో వాడే క్లింగ్ ఫిల్మ్ రెండు చుట్లు చుట్టి, దాని మీద మూత నొక్కి, జిప్ కవర్‌లో వేసి, బ్యాగు అడుగున నిలువుగా నిలబెట్టండి. పక్కన హీటర్, పైన సీసాల పౌచ్, అన్నిటికంటే పైన షీట్లు. లోపలికి వెళ్ళగానే ముందు కావాల్సింది షీటే కదా. బ్యాగు డిక్కీలో కాకుండా కాళ్ళ దగ్గర పెట్టుకోండి. వేడి టిన్నుతో మాత్రం బండి ఎక్కొద్దు. ఆఖరి స్ట్రిప్ అవ్వగానే స్విచ్ ఆపేస్తే, చెత్త కట్టి డబ్బులు తీసుకునేలోగా కొంత చల్లారుతుంది. తొందరుంటే టిన్నును చల్లనీళ్ళున్న గిన్నెలో నిలబెట్టండి, నీళ్ళు లోపలికి పోకుండా చూసుకోండి.

ఇంట్లోకి వెళ్ళగానే చేతులు కడుక్కుని మొదట హీటర్ పెట్టండి. నిండు టిన్ను కరగడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఆ లోపు షీట్లు పరిచి, చర్మం చూసి, పౌడర్ రాయడం అయిపోతుంది. స్పాచులాతో ఎత్తితే వ్యాక్స్ లేత తీగపాకంలా జారాలి. నీళ్ళలా చుక్కలు పడితే వేడి ఎక్కువైంది, ముద్దలుగా తెగితే చాలలేదు. అంచుల్లో కరిగి నడుమ గట్టిగా ఉన్నప్పుడే మోసపోతాం. పైన చల్లగా అనిపించినా అడుగున మండిపోతూ ఉంటుంది. కింద దాకా కలిపి, మీ మణికట్టు లోపలి వైపు చూసుకుని, తర్వాత కస్టమర్‌కి ఒక చుక్క పెట్టి అడగండి.

ఏప్రిల్, మే నెలల్లో పది నిమిషాల ముందే ఏసీ గానీ కూలర్ గానీ వేయించండి. చెమట మీద వ్యాక్స్ పట్టదు. డిసెంబర్‌లో దీనికి తలకిందులు, ఫ్యాన్ కింద వ్యాక్స్ పూసిన వెంటనే బిగుసుకుంటుంది కాబట్టి ఫ్యాన్ ఆపించండి.

అండర్ ఆర్మ్స్‌లో వెంట్రుకలు రెండు మూడు దిక్కులకు పెరుగుతాయి. చేతిని తల వెనక్కి పెట్టించి, చర్మం బిగుతుగా పట్టి, చిన్న చిన్న భాగాలుగా తీయండి. చర్మం వదులుగా ఉండగా లాగితే నీలంగా కమిలిపోతుంది. ఒకే చోట రెండుసార్లకు మించి వద్దు, మిగిలినవి ప్లక్కర్‌తో తీయండి. పెళ్ళికూతురైతే నలుగు పెట్టే రోజుకు కనీసం రెండు రోజుల ముందు పూర్తి చేయండి. అప్పుడే వ్యాక్స్ చేసిన చర్మం మీద సున్నిపిండి రుద్దితే దద్దుర్లు లేస్తాయి.

పాలరాతి నేల మీద చుక్క పడితే నూనె పోయొద్దు, రాయి పీల్చుకుని మరక నిలిచిపోతుంది. ఐస్ ముక్క పెట్టి గట్టిపడ్డాక పాత ఏటీఎం కార్డు అంచుతో లేపేయండి. వాడిన స్ట్రిప్స్, గ్లవ్స్ కవర్‌లో మూతి కట్టి మీతోనే తెచ్చుకోండి, వాళ్ళ వంటింటి చెత్తబుట్టలో వేయకండి. ఇంటికొచ్చాక నైఫ్, ప్లక్కర్‌లకు అంటుకున్న వ్యాక్స్‌ని నూనెతో తీసి, సబ్బుతో కడిగి, ఆరాక ఆల్కహాల్‌తో తుడవండి. తడి మీద తుడిస్తే అది పలచబడి పనిచేయదు. హీటర్ వైరు దాని చుట్టే బిగించి చుట్టకండి, హీటర్‌కి కలిసే చోటే తెగుతుంది. వదులుగా మడిచి రబ్బరు బ్యాండ్ వేయండి.