బైనాక్యులర్ చేతికిచ్చి పక్కకు జరగండి

"ఊళ్లు తిరిగేటప్పుడు పక్షులు, చెట్లు, పురుగులు చూడటం నాకు ప్రాణం. కానీ ఇంట్లోవాళ్లకు, స్నేహితులకు చెప్పడం మొదలుపెడితే ఎవరూ వినరు. ఈ ఇష్టాన్ని నలుగురితో ఎలా పంచుకోవాలి?" అని మీరు అడిగారు. చెప్పడం మానేయండి. నా సమాధానం ఇదే.

నేను మందుల కంపెనీలో సేల్స్ ఉద్యోగిని. నెలకు ఇరవై రోజులు బస్సుల్లో, లాడ్జీల్లో గడుస్తాయి. బ్యాగులో శాంపిళ్ల పక్కన ఒక 8×42 బైనాక్యులర్ పన్నెండేళ్లుగా నాతోనే తిరుగుతోంది. తొమ్మిదిన్నర దాకా డాక్టర్లు దొరకరు కాబట్టి తెల్లవారుజాము పూర్తిగా నాది. మొదట్లో నేనూ మీలాగే చెప్పుకుంటూ పోయాను. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో రోజుకో పిట్ట ఫొటో, దాని కింద శాస్త్రీయ నామం, ఎక్కడ గుడ్లు పెడుతుందో, ఏం తింటుందో మొత్తం రాసేవాణ్ణి. ఏడాది పాటు అలా రాసినా ఒక్కరు కూడా తిరిగి ఒక ప్రశ్న అడగలేదు.

నాలుగేళ్ల కిందట సంక్రాంతి సెలవుల్లో మా బావమరిదితో అరసవల్లి వెళ్లాను. దర్శనం అయ్యాక, ఒక్క గంటే అని బతిమాలి టెక్కలి దగ్గర తేలినీలాపురం తీసుకెళ్లాను. అక్కడ పక్షులు ఎక్కడో అడవిలో ఉండవు, ఊళ్లో ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు కడతాయి. ఎర్రకాళ్ల కొంగలు, అంటే పెయింటెడ్ స్టార్కులు, వాటితో పాటు గూడబాతులు, అంటే పెలికాన్లు. మేం వెళ్లేసరికి పదకొండు దాటింది. ఒక పెరట్లో చింతచెట్టు సగానికి సగం రెట్టలతో తెల్లబడిపోయింది. కింద చేపల నీచు వాసన. బావమరిది ముక్కుకు కర్చీఫ్ కట్టుకుని ఫోన్ చూసుకుంటున్నాడు.

ఆ ఇంటి ముసలమ్మ చీపురు పట్టుకుని బయటికొచ్చింది. మా వాడు మాట కలపడానికి, "ఇవి సైబీరియా నుంచి వస్తాయంట కదమ్మా?" అన్నాడు. ఆవిడ, "ఏ ఊరో నాకు తెల్దు బాబూ. పురిటికి ఇక్కడికే ఒస్తాయి. ఆడపిల్ల పురిటికి పుట్టింటికే కదా ఒస్తాది" అంది.

పన్నెండేళ్లలో నేను విన్న పక్షుల పాఠాల్లో ఇంతకంటే గొప్పది లేదు. ఏటా చలికాలం రాగానే పేపర్లలో "సైబీరియా అతిథులు వచ్చేశారు" అని వార్త వస్తుంది. చెరువు గట్టున కొంగ కనిపిస్తే చాలు, సైబీరియా అనేస్తారు. నాకు ఒళ్లు మండిపోతుంది. ఎర్రకాళ్ల కొంగలూ గూడబాతులూ మన పక్షులే. వానలను బట్టి, చెరువుల్లో నీళ్లను బట్టి ఒకచోటి నుంచి ఇంకోచోటికి తిరుగుతాయి తప్ప సైబీరియా మొహం చూడవు. నిజంగా హిమాలయాలు దాటి వచ్చే పట్టెతల బాతులు, అంటే బార్ హెడెడ్ గూస్‌లు, ఇక్కడ గుడ్లు పెట్టవు. చలికాలం గడిపి, టిబెట్, మంగోలియా వైపు వెళ్లి అక్కడ పెడతాయి. ఎక్కడ గూడు కడితే అదే పుట్టిల్లు. ఆ ముసలమ్మకు ఇది ఏ పుస్తకమూ చెప్పలేదు.

అప్పుడే బైనాక్యులర్ తీసి బావమరిది చేతికిచ్చాను. ఆ పెద్ద కొమ్మ చివర చూడు అన్నాను, అంతే. పేరు చెప్పలేదు. రెండు నిమిషాలు ఫోకస్ చక్రం అటూ ఇటూ తిప్పాడు. తర్వాత కదలడం మానేశాడు. గూట్లో రెండు పిల్లలు, తెల్లటి నూగుతో. ఎండ నడినెత్తికి వస్తోంది. తల్లి కొంగ సూర్యుడికి వీపు పెట్టి, రెక్కలు రెండూ గొడుగులా విప్పి నిలబడింది. ఎండ జరిగితే అదీ కాస్త జరుగుతోంది. తోక దగ్గర గులాబీ రంగు ఈకలు గాలికి ఊగుతున్నాయి. జతపక్షి వచ్చి వాలింది, రెండూ ముక్కులు టకటకలాడించాయి. వచ్చినది గూట్లో చేపలు కక్కింది, పిల్లలు ఎగబడి ఏరుకున్నాయి. "బావా, నీడ పడుతోంది, నీడ పడుతోంది!" అన్నాడు మా వాడు. ఒక్క గంట అన్నది మూడు గంటలైంది. మధ్యలో ముసలమ్మ మనవరాలు కూడా వచ్చి బైనాక్యులర్ లాక్కుంది. గూడబాతు పిల్ల తల్లి గొంతులోకి తల మొత్తం దూర్చి తింటుంటే, "అమ్మో, మింగేస్తంది!" అని అరిచింది.

ఇక్కడ ఇంకొక మాట అనకుండా ఉండలేను. ఎగిరే ఫొటో కోసం గూళ్ల కింద చప్పట్లు కొట్టేవాళ్లను, ఫోన్లో పక్షి కూత పెట్టి పిలిచేవాళ్లను నేను చాలామందిని చూశాను. తల్లి ఎగిరిపోయిన ఆ కాసేపూ పిల్ల ఎండలో మాడుతుంది. లెన్సు ఎంత పొడవుంటే ఓపిక అంత తక్కువ. ఇది నా గట్టి అభిప్రాయం. మీ స్నేహితులకు కెమెరాతో మొదలుపెట్టించకండి.

ఊళ్లోవాళ్లను వినండి అని కూడా అంటాను. కలివికోడి అనే పక్షి సంగతే చూడండి. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిపోయిందనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. పట్టుకున్నది స్థానికంగా వేటాడుకునే మనిషి, రాత్రి పూట, టార్చి వెలుగులో. శాస్త్రవేత్తలు వెతకబట్టే అది బయటపడింది, కాదనను. కానీ ఎప్పుడు, ఎక్కడ, ఎలా చూడాలో తెలిసినవాడు ఆ ముళ్ల పొదల్లో తిరిగేవాడే. నేను ఏ ఊరికి వెళ్లినా ముందు టీ కొట్టు దగ్గర, గొర్రెలు కాసేవాళ్ల దగ్గర అడుగుతాను. మీరు అడిగితే వాళ్లు చెబుతారు, వాళ్లు చెబుతుంటే మీతో వచ్చినవాళ్లూ వింటారు. మీరు చెబితే మాత్రం వినరు.

పోయిన నెల మా బావమరిది వాళ్ల ఆఫీసు గోడ దగ్గర నుంచి ఫోన్ చేశాడు. "బావా, చిన్న ఆకుపచ్చ పిట్ట, తోకలో పుల్లలాంటి ఈక. తేనెటీగను పట్టి తీగకేసి కొడుతోంది, రుద్దుతోంది, మింగడం లేదు. ఏం పిట్ట ఇది?" పేరు నోటి చివరిదాకా వచ్చింది. ఎందుకు రుద్దుతోందనుకుంటున్నావ్ అని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "కొండి తీసేస్తోందా?" అన్నాడు.