పదకొండు నెలల అగ్రిమెంటు ఉంటే అడ్వాన్సు వదులుకోవాల్సిందేనా?

ప్రశ్న: మాది కుప్పం. బెంగళూరులో పని మానేసి అయిదు నెలల కిందట రేణిగుంట దగ్గర ఒక కంపెనీలో చేరాను. తిరుపతి బైరాగిపట్టెడలో నెలకు 11,000 బాడుగతో ఇల్లు తీసుకున్నాను. అడ్వాన్సు 60,000. అందులో 40,000 ఫోన్‌పేలో పంపాను, 20,000 చేతికిచ్చాను. వంద రూపాయల స్టాంపు పేపరు మీద పదకొండు నెలలకు అగ్రిమెంటు రాసి నోటరీ చేయించాం. ఇప్పుడు కంపెనీ నన్ను శ్రీసిటీకి మార్చింది, తడలో ఇల్లు చూసుకుంటున్నాను. ఖాళీ చేస్తానంటే ఇంటాయన ఒప్పుకోవడం లేదు. మిగిలిన ఆరు నెలల బాడుగ 66,000, పెయింటింగుకు 15,000 నువ్వే ఎదురివ్వాలి, అడ్వాన్సు మాట ఎత్తొద్దు అంటున్నాడు. నా బైకు ఇంకా కర్ణాటక నంబరుతోనే తిరుగుతోంది. ఏం చేయమంటారు?

జవాబు: ఆయన బలమంతా ఆ పదకొండు నెలల కాగితంలోనే ఉందనుకుంటున్నాడు. నిజానికి ఆ కాగితమే బలహీనం. రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఏడాది దాటిన లీజులను రిజిస్టరు చేయించాలి. అది తప్పించుకోవడానికే దేశమంతా పదకొండు నెలలకు రాసుకుంటారు. అయితే ఆంధ్రప్రదేశ్‌లో ఆ కిటుకు చెల్లదు. మన రాష్ట్రం ఈ సెక్షన్‌ను సవరించుకుంది. 1999 ఏప్రిల్ 1 నుంచి ఇక్కడ ఎన్ని నెలల లీజు పత్రమైనా రిజిస్టరు కావాల్సిందే. బెంగళూరు అలవాటు మీద మీరు, ఊరి అలవాటు మీద ఆయన సంతకాలు పెట్టేశారు. నోటరీ ముద్ర సంతకం మీదేనని చెబుతుంది తప్ప రిజిస్ట్రేషన్‌కు బదులు కాదు.

రిజిస్టరు కాని లీజు పత్రం చూపించి 'పదకొండు నెలలు ఉండి తీరాలి' అనే షరతును కోర్టులో రుజువు చేయడం కుదరదు. అలాగని మీరు కిరాయిదారు కాకుండా పోరు. ఇంట్లో ఉన్నారు, నెలనెలా బాడుగ కట్టారు, ఆయన తీసుకున్నాడు. అలాంటప్పుడు దాన్ని నెలవారీ కిరాయిగా చూడాలని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. నెలవారీ కిరాయిని ముగించడానికి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద పదిహేను రోజుల నోటీసు చాలు. నోటీసు ఆయనకు అందిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది.

ఒకవేళ కాగితం చెల్లుతుందనే అనుకుందాం. అప్పుడైనా 66,000 అడగడానికి వీల్లేదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద మాట తప్పినవాడి దగ్గర సబబైన నష్టపరిహారమే వసూలు చేయగలరు. మీరు వెళ్లిన ఇరవై రోజులకు ఇంకొకరు ఆ ఇంట్లో దిగితే ఆయనకు పోయింది ఆ ఇరవై రోజుల బాడుగే. అందుకే గేటుకు టూలెట్ బోర్డు వేలాడిన రోజే తేదీ పడేలా ఫొటో తీయండి. ఇంటి ప్రకటన ఆన్‌లైన్‌లో కనిపిస్తే అది కూడా. కొత్తవాళ్లు ఎప్పుడు దిగారో పక్కింటివాళ్ల ద్వారా కనుక్కోండి. ఈ రుజువులు మీ లాయరు వాదన కంటే బాగా పనిచేస్తాయి.

పెయింటింగు సంగతి. వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదలకు కిరాయిదారు బాధ్యుడు కాడని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతుంది. అయిదు నెలల్లో గోడ మాసిపోవడం సహజమే. మేకులు దిగ్గొట్టిన గుంతలు, పగిలిన వాష్ బేసిన్, విరిగిన తలుపు గొళ్లెం లాంటివి ఉంటే బిల్లు చూపించి కోసుకోవచ్చు. ఇంట్లో దిగిన రోజు తీసిన ఫొటోలు లేకపోతే ఈ తగువు నోటి మాటల మీదే నడుస్తుంది. తడలో ఆ పొరపాటు చేయకండి.

ముందు నోటీసు. అడ్వకేటే రాయాలని లేదు, తెలుగులో మీరే రాయవచ్చు. ఇంటి చిరునామా, ఇచ్చిన అడ్వాన్సు, ఏ తేదీన ఖాళీ చేస్తారో, ఏ ఖాతాకు డబ్బు వేయాలో రాసి సంతకం పెట్టి స్పీడు పోస్టులో పంపి, డెలివరీ అయినట్టు రుజువు దాచుకోండి. వాట్సాప్‌లో కూడా పంపండి. చట్టం పదిహేను రోజులే అన్నా నెల రోజులు ఇవ్వండి. ఇంటాయన 'ఉన్నట్టుండి చెప్పి పోయాడు' అనే మాట అనలేడు. ఆ నెల బాడుగను అడ్వాన్సులోంచి మినహాయించుకొమ్మని అందులోనే రాయండి. ఆయన సరే అంటే అదీ మెసేజీలోనే రావాలి. నా ఉద్దేశంలో మీ చేతిలో ఉన్న గట్టి పట్టు ఇదే. ఇల్లు ఖాళీ చేశాక ఎవరి అడ్వాన్సు అయినా నెమ్మదిగానే కదులుతుంది.

నోటీసు పంపే ముందే నగదు 20,000 సంగతి తేల్చుకోవాలి. అగ్రిమెంటులో 60,000 ముట్టినట్టు ఉన్నా, స్టాంపు డ్యూటీ తక్కువ పడితే లోటుకు పది రెట్ల దాకా పెనాల్టీ కట్టేవరకు కోర్టు ఆ పత్రాన్ని సాక్ష్యంగా తీసుకోదు. కాబట్టి 'సార్, మీ దగ్గరున్న నా అరవై వేల అడ్వాన్సు గురించి' అని మామూలుగా మెసేజ్ పెట్టండి. అంత లేదు అనకుండా బదులిస్తే అదొక ఆధారం. ఆ ఫోను మార్చకండి, చాట్ తుడిచేయకండి. కోర్టులో దాన్ని దాఖలు చేయాలంటే అది ఆ ఫోనులోదేనని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి.

వెళ్లే రోజు కరెంటు మీటరు రీడింగు ఫొటో తీసి, ఎస్పీడీసీఎల్ బిల్లు ఆ రోజు వరకు కట్టి రసీదు ఉంచుకోండి. గదులన్నీ వీడియో తీయండి. తాళాలు ఇచ్చాక 'తాళాలు ముట్టాయి' అని రాయించుకోండి, లేదా మెసేజ్ పెట్టించుకోండి. డబ్బు ఇచ్చేదాకా తాళాలు నా దగ్గరే ఉంచుకుంటానంటే అన్నాళ్లూ బాడుగ మీ మీద పడుతూనే ఉంటుంది. ఈలోగా ఆయన మీ సామాను బయట పడేసినా, తాళం మార్చినా 112కు ఫోన్ చేయండి. అలా వెళ్లగొడితే స్వాధీనం కోసం ఆరు నెలల లోపు దావా వేయవచ్చు. అడ్వాన్సు వసూలుకు మాత్రం స్టేషన్ గడప ఎక్కి లాభం లేదు, అది సివిల్ తగాదా అని తిప్పి పంపుతారు.

డబ్బు రాకపోతే నేరుగా దావాకు పోకుండా తిరుపతి కోర్టుల్లోని న్యాయ సేవాధికార కార్యాలయంలో అర్జీ ఇవ్వండి. కోర్టు ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఆయన్ను పిలిపించి మాట్లాడతారు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. సందేహాలకు 15100కు ఫోన్ చేయవచ్చు. రాజీ కుదరకపోతే దావాకు మూడేళ్ల గడువు ఉంది. అక్కడికి వెళ్లినా ఆశ లెక్క ఇలా వేసుకోండి: అరవై వేలలో నోటీసు నెల బాడుగ 11,000, నిజంగా పగిలినవాటి ఖర్చు పోను మిగిలింది మీది. నలభై అయిదు వేలకు అటూఇటూగా రాజీ వస్తే, నేనైతే తీసుకోమనే అంటాను.

బైకుకు కంగారు లేదు. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రం బండి ఇక్కడ పన్నెండు నెలలు దాటి ఉంటేనే కొత్త నంబరు తీసుకోవాలి. మీకు ఇంకా ఏడు నెలలుంది. ఉద్యోగంలో చేరిన ఉత్తర్వు బండిలోనే ఉంచుకోండి. తడలో కుదురుకునేటట్టు ఉంటే కర్ణాటక ఆర్టీఓ నుంచి ఫారం 28 ఎన్‌ఓసీకి (అభ్యంతరం లేదనే పత్రానికి) ఇప్పుడే దరఖాస్తు చేయండి. లోను ఉంటే ఫైనాన్సు కంపెనీ అనుమతి కావాలి. పాత చలానాలు బాకీ ఉంటే ముందు కట్టేయండి, ఎన్‌ఓసీ ఎక్కువగా అక్కడే ఆగుతుంది. ఆ తర్వాత ఇక్కడ కొత్త నంబరుకు ఫారం 27, లైఫ్ ట్యాక్స్. డ్రైవింగ్ లైసెన్సు దేశమంతటా చెల్లుతుంది, దాన్ని ముట్టుకోనక్కర్లేదు.

తడలో కుదుర్చుకునే ఇంటికి మాత్రం లీజు పత్రం రిజిస్టరు చేయించండి. సంతకం చేసిన నాలుగు నెలల లోపు సబ్ రిజిస్ట్రారు దగ్గర పెట్టవచ్చు. ఉద్యోగం బదిలీ అయితే నెల నోటీసుతో ఖాళీ చేయవచ్చని ఒక వాక్యం, తాళాలిచ్చిన రోజే అడ్వాన్సు తిరిగివ్వాలని ఇంకో వాక్యం అందులో రాయించండి. అడ్వాన్సులో ఒక్క రూపాయి కూడా నగదుగా ఇవ్వకండి.