పాత పైసల డబ్బా తెరిచాక

చిరంజీవి మనవడికి ఆశీస్సులు.

డబ్బాలో పైసలు నల్లబడ్డాయి, చింతపండుతో తోమనా అని అడిగావు. వద్దు నాయనా. ముందు వాటిని లోహాన్ని బట్టి వేరు చెయ్యి.

1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసల లెక్క వచ్చినప్పుడు ఒక పైసా గుండ్రటి కంచు బిళ్ళ. రెండు, అయిదు, పది పైసలు రాగి, నికెల్ కలిసినవి. 1964 జూన్‌లో 'నయా' అనే మాట తీసేశారు. ఆ దశాబ్దంలోనే చిన్న పైసలు ఒక్కొక్కటిగా అల్యూమినియానికి మారాయి.

అయిదు పైసల వరకూ ఉన్న అల్యూమినియం బిళ్ళలన్నీ ఒకే రంగు కదా, అందుకే ఆకారం చూడు. అంచు వంపులు తిరిగితే రెండు పైసలు, ఆరు పలకలుంటే మూడు, నలుపలకలైతే ఒకటి లేదా అయిదు. ఒక పైసా 17 మిల్లీమీటర్లు, అయిదు పైసలు 22. బరువుల వరుస నాకెంతో ముచ్చట: ఒకటి, రెండు, మూడు, అయిదు పైసలు వరుసగా దాదాపు 0.75, 1, 1.25, 1.5 గ్రాములు. 1980ల మధ్య నుంచి అయిదు పైసల బిళ్ళను పలుచన చేసి ఒక గ్రాముకు దించారు. తక్కువ తూగిందని నకిలీ అనుకోకు.

సంవత్సరం కింద భూతద్దం పెట్టి చూడు. నక్షత్రం ఉంటే మన హైదరాబాద్ టంకశాల, డైమండ్ ఉంటే చాలావరకు బొంబాయి, ఏ గుర్తూ లేకపోతే కలకత్తా. అరిగిన బిళ్ళమీద గుర్తు చెరిగిపోయి ఉండొచ్చు, కాబట్టి కలకత్తా అని తొందరపడి రాయకు.

ఇక తోమడం సంగతి. అల్యూమినియాన్ని కాపాడేది దానిమీది సన్నటి ఆక్సైడ్ పొర. బూడిద, బట్టల సోడా లాంటి క్షారాలు ఆ పొరను తినేస్తాయి, అప్పుడు బిళ్ళ నల్లబడి గుంటలు పడుతుంది. చింతపులుసు కంచు పైసామీద ఏళ్ళుగా పట్టిన రంగును ఊడగొడుతుంది, అది మళ్ళీ రాదు. డిస్టిల్డ్ వాటర్‌లో గంటసేపు నానబెట్టి, మెత్తటి నూలుగుడ్డతో అద్దు. రుద్దకు. మట్టి ఇంకా వదలకపోతే నీళ్ళు మార్చి మళ్ళీ నానబెట్టు.

కంచు పైసల్నీ అల్యూమినియం పైసల్నీ ఒకే సంచిలో పొయ్యకు. చెమ్మ తగిలితే రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీలాంటిది ఏర్పడి అల్యూమినియం తెల్లపొడిగా రాలుతుంది. మెత్తటి పీవీసీ కవర్లూ వద్దు, కంచుమీద పచ్చటి జిగురు పడుతుంది. ఆమ్లం లేని కాగితం కవర్లు తీసుకుని, పైసా లోపల పెట్టకముందే వివరాలు పెన్సిల్‌తో రాసుకో.

పావలా, అంతకు తక్కువ పైసలు 2011 జూన్ 30 నుంచి చెల్లడం లేదు. మామూలు మూడు పైసల బిళ్ళలు ఇప్పటికీ విరివిగా దొరుకుతాయి. లక్షలిస్తామని చెప్పి ముందు ఫీజు కట్టమనేవాళ్ళకు ఏమీ పంపకు. ఇలాంటి మోసాల గురించి రిజర్వ్ బ్యాంకు 2021లోనే హెచ్చరించింది.

మీ తాతయ్య