టీసీ తీసుకోకండి, నవ్వేవాళ్లను చూడండి

రాయగడలో ఒడియా మాధ్యమంలో తొమ్మిదో తరగతి చదువుతున్న మీ అబ్బాయి ఉచ్చారణను తోటివాళ్లు వెక్కిరిస్తున్నారు, బడి మార్చాలా అని అడిగారు. వద్దండీ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియాగా పర్లాకిమిడిలో పెరిగినవాణ్ణి, అందుకే చెబుతున్నాను. బరంపురం పంపినా ఆ ఉచ్చారణ వాడి వెంటే వస్తుంది.

మనం 'అ' పలికే చోట ఒడియావాళ్లు 'ఒ' పలుకుతారు. నేను 'జగన్నాథ' అని చదవగానే వెనక బెంచీలో ఒకడు చివరి అక్షరాన్ని పట్టుకుని మేక అరిచినట్టు సాగదీసేవాడు. తరగతంతా ఘొల్లుమనేది. మాస్టారు కూడా పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వేవారు. చదివే వంతు దగ్గరపడుతుంటే నా నోరు తడారిపోయేది. ఒకరోజు మేక అరుపు మొదలవగానే ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్, నాకు స్నేహితుడేమీ కాదు, తల కూడా తిప్పకుండా "చదవనివ్వురా, పరీక్షలో ఈ పాఠమే వస్తుంది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అరిచినవాడి ముఖం చూడాలి! కొన్నాళ్లకు నన్ను వదిలేశాడు.

వదిలేసి, కొండల నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న సవర గిరిజన కుర్రాడి మీద పడ్డాడు. వాడికి ఏ కెప్టెనూ దొరకలేదు. సవర పిల్లల చదువు కోసం గిడుగు రామమూర్తి గారు వాళ్ల భాష నేర్చుకుని మరీ పుస్తకాలు రాసిన ఊరండీ అది!

అందుకే అంటాను, వెక్కిరించేవాణ్ణి దండిస్తే వాడు ఇంకా పెద్ద మొనగాడవుతాడు. నవ్వేవాళ్లు ఆగితేనే వాడూ ఆగుతాడు. ఫిన్లాండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయం బడుల్లో వేధింపులు ఆపడానికి రూపొందించిన 'కీవా' కార్యక్రమం కూడా చుట్టూ చూస్తూ నిలబడే పిల్లల మీదే ఎక్కువగా దృష్టి పెడుతుంది. మన బడుల్లోనేమో ప్రార్థన వేళ ఓ ఉపన్యాసం, వరండాలో ఓ సీసీ కెమెరా, అంతే. పిల్లలను మానసికంగా వేధించకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. పుస్తకం చాటున నవ్వే మాస్టార్లకు దాన్ని ఎవరు చదివి వినిపిస్తారు? ఇక "నువ్వూ ఒకటి తగిలించు" అనే మేనమామల సలహా అసలు వినకండి. దెబ్బ కొట్టినవాడే హెడ్మాస్టరు గదిలో నిలబడతాడు.

క్లాసులో నలుగురూ ఎవరి మాట వింటారో మీ అబ్బాయిని అడగండి. ఆ పిల్లవాణ్ణి ఓ ఆదివారం భోజనానికి పిలవండి. క్లాస్ టీచరును ఒంటరిగా కలిసి, నవ్వుతున్నది ఎవరో గమనించమనండి. ఫోనులో బెదిరింపులు కూడా వస్తుంటే మాత్రం స్క్రీన్‌షాట్లు దాచి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.